హెచ్‌పీవీ పాజిటివ్ నుంచి లీప్ దాకా: నా అనుభవం

నాకు ఏ బాధా లేదు. నొప్పి లేదు, నెలసరి మధ్యలో రక్తం కనిపించడం లేదు, తెల్లబట్ట కూడా పెద్దగా లేదు. థైరాయిడ్ మందు డోసు మార్చాలేమో అడుగుదామని రాజమండ్రిలో మేం ఎప్పుడూ వెళ్లే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్తే, ఆవిడ "నలభై దాటాయి కదమ్మా, సెర్విక్స్, అంటే గర్భసంచి మూతి పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా?" అని అడిగారు. మా అమ్మాయి పుట్టిన కొత్తలో ఒకసారి పాప్ స్మియర్, అంటే అక్కడి కణాలు తీసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష చేశారు. "ఇన్‌ఫ్లమేటరీ స్మియర్" అని రిపోర్టు వస్తే ఒక కోర్సు మాత్రలు వాడమన్నారు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు, నేనూ చేయించుకోలేదు. మన దగ్గర నాలాంటివాళ్లే ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్క ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సెర్విక్స్ క్యాన్సర్ కోసం చేసే ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు వందకు ఇద్దరు కూడా లేరు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. కణం, కేంద్రకం, డీఎన్‌ఏ బొమ్మలు బోర్డు మీద గీసి గీసి చెయ్యి అరిగింది. అవే మాటలు నా రిపోర్టులో చదవాల్సి వస్తుందని అనుకోలేదు.

డాక్టరమ్మ రెండు పరీక్షలు కలిపి రాశారు. ఒకటి ఎల్‌బీసీ, అంటే పాత పాప్ స్మియర్‌కి కొత్త పద్ధతి. రెండోది హెచ్‌పీవీ డీఎన్‌ఏ, అంటే సెర్విక్స్ క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ ఉందేమో చూసేది. నెలసరి లేని రోజుల్లో రమ్మన్నారు. ముందు రెండు రోజులు భార్యాభర్తలు కలవకూడదు, లోపల పెట్టే మాత్రలు, క్రీములు వాడకూడదు అన్నారు. పరీక్ష మాత్రం ఇంత చిన్నదా అనిపించింది. దారి తెరిచి ఉంచే స్పెక్యులమ్ పెట్టినప్పుడు చల్లగా, కొంచెం బిగుతుగా ఉంది. చిన్న బ్రష్‌ని గర్భసంచి మూతి దగ్గర కొన్నిసార్లు తిప్పి, దాన్ని ద్రవం ఉన్న బుడ్డీలో వేశారు. పూర్వం చెక్క పుల్లతో గీకి, గాజు స్లైడు మీద పూసి, వెంటనే ఆల్కహాల్లో ముంచేవాళ్లు. అందులో రక్తం, చీము, కణాలు ఒకదాని మీద ఒకటి పడి చదవడం కష్టమయ్యేది. ఇప్పుడు కణాలన్నీ ద్రవంలోకి దిగుతాయి, మెషిన్ వాటిని పలుచటి పొరగా స్లైడు మీద పరుస్తుంది. మిగిలిన ద్రవంతోనే హెచ్‌పీవీ పరీక్ష కూడా చేస్తారు. అందుకే మళ్లీ శాంపిల్ ఇవ్వక్కర్లేదు.

బ్రష్ తిప్పే చోటుకీ ఒక లెక్క ఉంది. సెర్విక్స్ బయటి వైపు పొలుసుల్లాంటి కణాలుంటాయి, లోపలి కాలువలో గ్రంథి కణాలుంటాయి. ఈ రెండూ కలిసే పట్టీని ట్రాన్స్‌ఫర్మేషన్ జోన్ అంటారు. అక్కడ ఒక రకం కణం మెల్లగా ఇంకో రకంగా మారుతూ ఉంటుంది. వైరస్ దిగేదీ, తేడాలు మొదలయ్యేదీ ఎక్కువగా అక్కడే.

రిపోర్టు ఫోన్‌కి పీడీఎఫ్‌గా వచ్చింది. స్టాఫ్ రూములో తెరిచి చూశాను. హెచ్‌పీవీ 16: డిటెక్టెడ్. ఆ ముక్క ఎర్ర రంగులో, లావు అక్షరాల్లో ఉంది. హెచ్‌పీవీ 18: నాట్ డిటెక్టెడ్. మిగతా 12 హై రిస్క్ రకాలు: నాట్ డిటెక్టెడ్. ఎల్‌బీసీ దగ్గర "ఆస్కస్". ల్యాబ్‌కి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి "పాజిటివ్ అండి, డాక్టర్ని కలవండి మేడమ్" అని పెట్టేసింది. ఎర్ర రంగు వేయడానికి ఉన్న శ్రద్ధ, కింద ఒక్క వాక్యం వివరణ రాయడానికి ఉండదు. మధ్యాహ్నం తొమ్మిదో తరగతికి ఏం పాఠం చెప్పానో నాకు గుర్తులేదు.

మర్నాడు డాక్టరమ్మ కాగితం మీద గీసి మరీ చెప్పారు. హెచ్‌పీవీ పరీక్ష చెప్పేది వైరస్ ఉందా లేదా అన్నదే. జబ్బు ఉందని అది చెప్పదు. ఎల్‌బీసీ చెప్పేది ఆ రోజు బ్రష్‌కి దొరికిన కణాల ఆకారం ఎలా ఉందన్నది. ఆస్కస్ అంటే కొన్ని కణాల కేంద్రకాలు ఉండాల్సినదానికంటే పెద్దవిగా ఉన్నాయి, అయినా తేడా అని ఖాయంగా చెప్పలేం అని. ఒట్టి ఆస్కస్ ఒక్కటే వచ్చి హెచ్‌పీవీ నెగెటివ్ అయితే కంగారు లేదు, కొన్నేళ్లకి మళ్లీ చూసుకోవచ్చు. నా విషయం అలా కాదు. 16వ రకం ఉంది కాబట్టి ఎల్‌బీసీ పూర్తిగా నార్మల్ అని వచ్చినా కాల్పోస్కోపీ, అంటే సెర్విక్స్‌ని భూతద్దంతో పెద్దదిగా చేసి చూసే పరీక్ష, చేయించాల్సిందే అన్నారు. సెర్విక్స్ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. అందుకే మెషిన్ ఆ రెంటినీ విడిగా చూపిస్తుంది, మిగతా 12ని ఒకే గంపలో వేస్తుంది.

"ఇది క్యాన్సరా?" అని నేరుగా అడిగాను. "ఈ రెండు కాగితాలతో అవునని ఎవరూ చెప్పలేరు, కాదని కూడా నేను చెప్పను. చూడాలి, ముక్క తీయాలి," అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. ఊరికే ధైర్యం చెప్పి పంపేయలేదు.

అసలు కష్టం ఇంట్లో. రాత్రి భోజనాలయ్యాక మా ఆయనకి రిపోర్టు చూపించాను. "ఇదెలా వస్తుందంట?" అన్నారు. కలయిక వల్ల అని చెప్పాను. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఆయన నన్ను అనుమానించలేదు, కానీ నేనెక్కడ ఆయన్ని అనుమానిస్తున్నానో అని ఆయనకి భయం. "అంటే నా వల్లనా?" అని చాలా మెల్లగా అడిగారు. ఇద్దరం కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాక గానీ ఇంట్లో గాలి తేలికపడలేదు. ఆవిడ చెప్పిందిదీ: కాపురం చేసేవాళ్లలో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక హెచ్‌పీవీ సోకుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాది, రెండేళ్లలో ఒంట్లోని రోగనిరోధక శక్తే దాన్ని తుడిచేస్తుంది. కొందరిలో ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండి తర్వాత కనిపిస్తుంది. ఎప్పుడు వచ్చింది, ఎవరి నుంచి వచ్చింది అన్నది ఏ పరీక్షా చెప్పలేదు. మగవాళ్లకి దీనికి మామూలుగా చేసే పరీక్షే లేదు. ఈ రిపోర్టు పట్టుకుని ఇంట్లో పంచాయితీ పెట్టుకునేవాళ్లుంటే ఈ నాలుగు వాక్యాలు చదివి మానుకోండి.

ఇది కాక బంధువులు. మా పెద్దమ్మగారి కోడలు బలవంతం మీద ఇంకో నర్సింగ్ హోమ్‌కి కూడా వెళ్లాను. అక్కడి డాక్టరు రిపోర్టులు పైపైన చూసి, "ఇద్దరు పిల్లలు పుట్టేశారు, గర్భసంచితో ఇంకేం పని? తీసేస్తే గొడవే ఉండదు," అన్నారు. వచ్చే వారమే డేటు కూడా ఇస్తానన్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ గర్భసంచి తీసే ఆపరేషన్లలో దేశంలోనే ముందువరుసలో ఉన్నాయని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. ఎందుకో ఆ గదిలో కూర్చుంటే అర్థమైంది. బయటికొచ్చి మా గైనకాలజిస్టుకి ఫోన్ చేస్తే, "ముందు ఏముందో తెలుసుకోకుండా తీయడం రెండు విధాలా తప్పు," అన్నారు. లోపల ఉన్నది చిన్న మార్పే అయితే అంత ఆపరేషన్ అనవసరం. ఒకవేళ నిజంగా క్యాన్సరే దాగి ఉంటే, మామూలుగా గర్భసంచి తీయడం దానికి సరిపోయే ఆపరేషన్ కాదు, తర్వాత వైద్యం ఇంకా చిక్కవుతుంది. పైగా ముందు దశ మార్పుల కోసం తీసినా ఆ తర్వాత పరీక్షలు తప్పవట.

కాల్పోస్కోపీకి విశాఖపట్నంలో గైనిక్ ఆంకాలజిస్టు, అంటే ఆడవాళ్ల క్యాన్సర్లు చూసే డాక్టరు దగ్గరికి పంపారు. రైల్లో వెళ్తున్నంతసేపూ ఫోనులో చదువుతూనే ఉన్నాను. మా ఆయన లాక్కోబోయారు గానీ, నాకు చదివితేనే టెన్షన్ తగ్గుతుంది. పాప్ పరీక్షకి పేరిచ్చిన పాపనికొలావ్ అనే గ్రీకు డాక్టరు న్యూయార్క్‌లో కూర్చుని, రాలిపడిన కణాల్ని చూసి క్యాన్సర్ పట్టవచ్చని 1928లోనే చెప్తే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1940ల్లో గానీ వినలేదు. ఇంకో నలభై ఏళ్లకి జర్మనీలో హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం సెర్విక్స్ క్యాన్సర్ కణాల్లో హెచ్‌పీవీ 16ని పట్టుకుంది. అప్పటిదాకా చాలామంది హెర్పిస్ వైరస్‌ని అనుమానించేవాళ్లు. ఆయనకి 2008లో నోబెల్ వచ్చింది. నన్ను ఎక్కువ ఆపింది మాత్రం మన దేశంలోనే జరిగిన సంగతి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లా పల్లెల్లో 1,30,000 మందికి పైగా ఆడవాళ్లతో శంకరనారాయణన్ బృందం చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, తేడా ఉన్నవాళ్లకి వైద్యం చేసిన ఊళ్లలో, ఏ స్క్రీనింగూ లేని ఊళ్లతో పోలిస్తే, ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగమయ్యాయి. పాప్ పరీక్ష చేసిన ఊళ్లలో అంత తేడా రాలేదు. అయినా నోబెల్ గురించి మన పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉంటుంది, ఉస్మానాబాద్ పల్లెల ఆడవాళ్ల గురించి ఉండదు.

కాల్పోస్కోప్ అంటే కాళ్లకి అవతల నిలబెట్టే ఒక పెద్ద భూతద్దం, దానికో లైటు, ఒక స్క్రీను. అది లోపలికి పెట్టరు. "చూస్తారా?" అని అడిగి స్క్రీను నా వైపు తిప్పారు. గులాబీ రంగులో నున్నగా ఉన్న గుండ్రటి మూతి, మధ్యలో చిన్న రంధ్రం. దాని మీద పలుచటి ఎసిటిక్ ఆమ్లం దూదితో అద్దారు. వెనిగర్ వాసన, కొంచెం మంట. ఒక నిమిషం గడిచేసరికి పై అంచున ఒక మచ్చ తెల్లగా తేలింది. కేంద్రకాలు పెద్దవై దట్టంగా ఉన్న కణాలు ఆ ఆమ్లం తగిలితే కాసేపు తెల్లబడతాయి. తర్వాత అయోడిన్ రాశారు. మామూలు కణాల్లో గ్లైకోజన్ ఉంటుంది కాబట్టి అవి ముదురు గోధుమ రంగుకి తిరిగాయి, ఆ మచ్చ మాత్రం ఆవపిండి రంగులో మిగిలిపోయింది. పిండి పదార్థానికి అయోడిన్ పరీక్ష ఏటా పిల్లలతో చేయించే నాకు, ఇది అర్థం కావడానికి డాక్టరు చెప్పనక్కర్లేకపోయింది.

ఆ మచ్చ నుంచి రెండు చిన్న ముక్కలు తీశారు. గట్టిగా గిల్లినట్టు ఉంది, అంతకంటే లేదు. లోపలి కాలువ నుంచి కూడా కొంచెం గీకి తీశారు. రక్తం ఆగడానికి ఏదో పేస్టు రాశారు. దానివల్ల తర్వాత కాఫీ పొడిలాంటి నల్లటి డిశ్చార్జ్ అయింది. ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే హడలిపోయేదాన్ని.

బయాప్సీ రిపోర్టు రావడం ఆలస్యమైంది. ఫోన్ చేస్తే "అదనపు స్టెయిన్ పెట్టారు" అన్నారు. అదనపు అన్న మాట వినగానే మనకి చెడ్డవే తోస్తాయి. సంగతేమిటంటే, మామూలు రంగులతో చూస్తే అది సిన్ 1 అనాలా సిన్ 2 అనాలా అని పాథాలజిస్టుకి అనుమానం వచ్చింది. సిన్ అంటే క్యాన్సర్‌కి ముందు దశ మార్పులకి పెట్టిన పేరు. తేడా కణాలు పొర మందంలో కింది మూడో వంతు వరకే ఉంటే సిన్ 1, అది చాలావరకు దానంతటదే పోతుంది, కనిపెట్టుకుని ఉంటే చాలు. మధ్యదాకా పాకితే సిన్ 2, దాదాపు పైదాకా వస్తే సిన్ 3. వీటికి సాధారణంగా వైద్యం చేస్తారు. గీత మీద ఉన్నదాన్ని ఎటు తేల్చాలో కంటితో కష్టం. అందుకే పీ16 అనే ప్రోటీన్‌కి రంగు పట్టించి చూస్తారు.

రిపోర్టు తీసుకోవడానికి వెళ్లినప్పుడు పాథాలజీ మేడమ్‌ని కలవచ్చా అని అడిగాను. బయాలజీ టీచర్ని, నా స్లైడు చూడాలని ఉంది అన్నాను. ఆవిడ నవ్వి, ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు. రాజమండ్రి నుంచి తెప్పించుకున్న ఎల్‌బీసీ స్లైడు ముందు పెట్టారు. ఇంత అందంగా ఉంటుందని నాకు తెలీదు. లేత నీలం ఆకుపచ్చ, గులాబీ, నారింజ రంగుల్లో పలుచటి రేకులు పరిచినట్టు కణాలు, ఒక్కోదానిలో చిన్న ముదురు చుక్క. బాణం గుర్తు జరిపి ఒక కణం చూపించారు. చుక్క పక్కదానికంటే రెండు, మూడింతలు ఉంది, అంచు కొంచెం వంకర. ఇంకోదానిలో కేంద్రకం చుట్టూ ఖాళీ వలయం. వైరస్ ఉన్న కణాలు ఇలా కనిపిస్తాయట. "ఇలాంటివి ఈ స్లైడు మొత్తంలో కొద్దిగానే ఉన్నాయి. అక్కడివాళ్లు ఆస్కస్ అనడం సబబే. బ్రష్‌కి అసలు మచ్చ మీది కణాలు ఎక్కువ రాలేదు," అన్నారు. పాప్ పరీక్ష ఒక్కసారి చేస్తే చాలా కేసులు జారిపోవడానికి ఇదీ ఒక కారణమని చెప్పారు. వైరస్ డీఎన్‌ఏ కొంచెం ఉన్నా మెషిన్ దాన్ని కోట్ల కాపీలుగా పెంచి పట్టేస్తుంది. కానీ మెషిన్‌కి కణం ఎలా ఉందో తెలీదు. అందుకని రెండూ కావాలి.

తర్వాత పీ16 స్లైడు. పొర అడుగు నుంచి మధ్య దాటేదాకా ఒకటే ముదురు గోధుమ రంగు, ఎక్కడా తెగకుండా. దాని వెనుక కథ ఆవిడ చెప్పారు గానీ, నేను గోదావరి కాలువల మీద పెరిగినదాన్ని కాబట్టి నాకు నా భాషలో అర్థమైంది. మన కణాల్లో ఆర్‌బీ అనే ప్రోటీన్ లాకు తలుపు లాంటిది. అది మూసి ఉంటే కణం విభజన ఆగుతుంది. పీ16 ఆ తలుపు మూయించే మనిషి. వైరస్ తయారుచేసే ఈ7 అనే ప్రోటీన్ ఏకంగా తలుపునే ఊడబీకేస్తుంది. నీళ్లు పొర్లిపోతుంటే మూయడానికి మనుషుల మీద మనుషుల్ని పంపుతారు, కానీ మూయడానికి తలుపు ఏదీ? వచ్చినవాళ్లంతా గట్టు మీదే పోగవుతారు. స్లైడు మీద ఆ గోధుమ రంగంతా వాళ్లే. అంటే వైరస్ ఊరికే వచ్చి కూర్చోలేదు, పని మొదలుపెట్టేసిందని గుర్తు. రిపోర్టులో సిన్ 2, హై గ్రేడ్ అని రాశారు.

ఎల్‌బీసీ ఒక్కటే నమ్ముకుని ఉంటే "ఏదో చిన్న తేడా" అని ఇంటికొచ్చేసేదాన్ని. హెచ్‌పీవీ ఒక్కటే చూసి భయపడి ఉంటే గర్భసంచి తీయించుకునేదాన్ని. ఎంత వైద్యం కావాలో తేలింది మాత్రం అన్నీ వరసలో చేయించుకోవడం వల్లే.

వైద్యం లీప్ అన్నారు. కరెంటుతో వేడెక్కే సన్నటి తీగ ఉచ్చుతో ఆ మచ్చ ఉన్న భాగాన్ని పల్చగా కోసి తీయడం. అక్కడే మత్తు సూది ఇచ్చారు. సూది నొప్పి, గుండె కొంచెం దడదడ, కాలిన వాసన, అంతే. సాయంత్రానికి పంపేశారు. నాలుగు వారాలు బరువులెత్తొద్దు, భార్యాభర్తలు దూరంగా ఉండాలి, టబ్బు స్నానాలూ ఈతలూ వద్దు అన్నారు. మా గోదావరి స్నానం సంగతి అడిగితే అది కూడా వద్దన్నారు. కార్తీకమాసం కావడంతో అత్తయ్యకి సంగతి చెప్పక తప్పలేదు. "క్యాన్సర్ కాదు అత్తయ్యా, కాకుండా తీయించుకున్నాను" అంటే, ఆవిడ కాసేపు ఆలోచించి, "మా అక్కకి ఇదే అయ్యుంటుంది, అప్పుడు ఎవరికి తెలుసు" అన్నారు. నెల రోజులు నా చేత బిందె ఎత్తనివ్వలేదు.

తీసిన ముక్కని మళ్లీ పరీక్షకి పంపుతారు. ఈ రిపోర్టే అసలైనదని నా అభిప్రాయం, ఎందుకంటే రెండు చిన్న ముక్కల్లో కనపడనిది ఇందులో ఉండొచ్చు. సిన్ 2 దాటి ఏమీ లేదు, కోసిన అంచుల్లో తేడా కణాలు లేవు అని వచ్చింది. అంచులు శుభ్రంగా ఉన్నాయా అన్నది తప్పకుండా అడగండి. రిపోర్టులో లేకపోతే రాయించుకోండి.

ఆరు నెలలకి మళ్లీ హెచ్‌పీవీ పరీక్ష. ఈసారి పీడీఎఫ్ మా గైనకాలజిస్టు గదిలోనే తెరిచాను. 16 కూడా నాట్ డిటెక్టెడ్. ఇంతటితో అయిపోయినట్టు కాదు. కొన్నాళ్లు ఏటా, తర్వాత మూడేళ్లకోసారి, అలా కనీసం 25 ఏళ్లు చూపించుకుంటూ ఉండాలట. రిటైర్ అయ్యాక కూడా అన్నమాట. తీసిన ముక్కలున్న మైనం బ్లాకులు, స్లైడ్లు ఆస్పత్రిలోనే ఉంటాయి, రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టుకున్నాను.

ఈ హడావిడిలో ఇంట్లో రెండు పనులు జరిగాయి. మా అమ్మాయికి పద్నాలుగు నిండకుండానే టీకా మొదలుపెట్టించాం. ఆ వయసులో రెండు డోసులు చాలు, పదిహేను నిండితే మూడు కావాలి అన్నారు అప్పుడు. 2022లో అనుమతి వచ్చిన మన దేశపు సెర్వావాక్ వేయించాం, అది 6, 11, 16, 18 రకాలకి పనిచేస్తుంది. "నాకెందుకు, అన్నయ్యకి వద్దా?" అని అది అడిగిన ప్రశ్నకి డాక్టరమ్మ, "మగపిల్లలకీ వేయొచ్చు" అన్నారు. వాడికి ఇంకా వేయించలేదు, సెలవులకి రావాలి. రెండోది, మా ఆడపడుచు. "నాకు సిగ్గు వదినా, కాళ్లు చాపి పడుకోలేను" అని ఎప్పటినుంచో తప్పించుకుంటోంది. హెచ్‌పీవీ పరీక్షకి శాంపిల్ ఎవరికి వారే తీసుకోవచ్చని, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని సమ్మతించిందని చెప్పి, ఆ పద్ధతి ఉన్న చోటుకి తీసుకెళ్లాను. బాత్‌రూములోకి వెళ్లి రెండు నిమిషాల్లో తీసుకుని వచ్చేసింది. ఆమెకి అన్నీ నాట్ డిటెక్టెడ్ వచ్చాయి, మళ్లీ ఐదేళ్లకి రమ్మన్నారు. ఇప్పుడు వాళ్ల అత్తింటివైపు ముగ్గురు తోడికోడళ్లని ఆమే వెంటబెట్టుకుని తిరుగుతోంది.